కుదిరిన జోస్యాలూ కుదరనివీ

నవంబరు 9

సంపాదకుడు ఫోన్ చేశాడు. ఎలక్ట్రానిక్స్ కొట్ల సంఘం వాళ్ల మాసపత్రిక ఇంకా బతికే ఉందన్న సంగతి ఆ ఫోన్ వల్లే తెలిసింది. నేను బతికే ఉన్నానని అతనికీ అలాగే తెలిసి ఉంటుంది.

"ప్రతి జనవరికీ 'ఈ ఏడు మన కొట్లోకి' అని రాసేవారు కదండీ. ఏ వస్తువు వస్తుంది, ఏది అమ్ముడుపోతుంది, ఏది మూలపడుతుంది అని. ఈసారి ఆ పాతవన్నీ బయటికి తీయండి. ఏది కుదిరింది, ఏది కుదరలేదు, మీకు మీరే మార్కులు వేసుకోండి. చదివేవాళ్లు కాసేపు నవ్వుకుంటారు."

"నవ్వుకోడానికి నేనే దొరికానా బాబూ?"

"మీరైతే ఏమీ అనుకోరని."

అనుకోలేదు. ఈమధ్య ఏదీ అనుకోవడం లేదు. డిసెంబరు ఇరవైకల్లా ఇస్తానన్నాను.

మా ఆవిడకి చెప్పాను. "అదే" అంది.

సెప్టెంబరులో ఆవిడకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు, మాట మూడూ ఒకేసారి పోయాయి. కాలు కొంచెం తిరిగొచ్చింది. మాటల్లో మాత్రం ఒక్కటే మిగిలింది. మంచినీళ్లు కావాలన్నా అదే, వద్దన్నా అదే. ఇంతకాలం కాపురం చేసినవాణ్ణి, ఏ 'అదే' దేనికో నాకు తెలిసిపోతుంది. మనిషిని చూడగానే చెప్పేస్తాను.

నవంబరు 11

పొద్దున్నే ఆవిడకి మొహం కడిగి, టీ తాగించి, హాల్లో టీవీ ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, పాత సంచికల అట్టపెట్టె విప్పాను. దుమ్ముకి పది తుమ్ములు. పదకొండోది రాబోయి ఆగిపోయింది. అలా ఆగిపోయిన తుమ్ము మనిషిని రోజంతా పట్టుకుంటుంది.

నేను చదివిన బడి ఒక రేడియో లోపల ఉండేది. పాడైన రేడియో విప్పి మళ్లీ బిగిస్తే రెండు మరలు మిగిలిపోయాయి. అవెందుకు మిగిలాయో తెలుసుకోడానికి ఒక పుస్తకం కొన్నాను. ఆ పుస్తకం అర్థం కావడానికి నిఘంటువు కొన్నాను. అప్పటికి రేడియోల కాలం అయిపోయి టీవీలు వచ్చాయి. అంతే నా చదువు. ఆ మరలు ఎందుకు మిగిలాయో ఇప్పటికీ తెలియదు, రేడియో మాత్రం చక్కగా పాడేది.

టీవీలు బాగుచేసేవాడు రేపు ఏం వస్తుందో చెప్పగలడని సంఘంలో ఎవరికి తోచిందో గాని, నాకు ఆ శీర్షిక అప్పగించారు. కొట్ల వాళ్లు నా మాట నమ్మి సరుకు తెప్పించుకునేవాళ్లు. కొందరు నా మాట నమ్మి, నేను చెప్పినదానికి సరిగ్గా ఉల్టాగా తెప్పించుకునేవాళ్లు. బాగుపడినవాళ్లు వాళ్లేనంటారు.

ఇవాళ మొదటి కట్ట చూశాను.

వీసీఆర్ వచ్చాక సినిమా హాళ్లన్నీ గోడౌన్లు అయిపోతాయన్నాను. ఇంటూ. హాళ్లు ఉన్నాయి, గోడౌన్లో చేరింది వీసీఆర్లే.

తీగ లేని ఫోను పట్టుకుని జనం ఇల్లంతా తిరుగుతూ మాట్లాడతారన్నాను. టిక్కు. మా ఆవిడ ఆ ఫోను చెవిన పెట్టుకుని డాబా మీదికి, అక్కణ్ణుంచి వీధి గుమ్మంలోకి, మాట తెగిపోయేదాకా నడిచేది. తెగిపోయాక కూడా కాసేపు మాట్లాడేది.

పేజరుకి ఇరవై ఏళ్ల ఆయుష్షు ఇచ్చాను. దాని గురించి ఏమీ రాయను.

ఎవరూ లేనప్పుడు ఫోనెత్తి మాటలు దాచిపెట్టే మిషను ఇంటింటికీ వస్తుందన్నాను. ఇంటూ. 'బీప్ వినగానే మాట్లాడండి' అంటే మనవాళ్లకి నోరు పడిపోయేది.

ఈ ముక్క వ్యాసంలో రాయకూడదు.

నవంబరు 15

ఆసుపత్రిలో మాటలు నేర్పే అమ్మాయి దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరమ్మా అంటే "డాక్టర్ని కాదండీ" అంది. అందుకని టీచరమ్మ అంటున్నాను. మా ఆవిడకి ఒక పలక ఇచ్చింది. పలకంటే ట్యాబ్ లాంటి గాజు పలక, లోపల గళ్లు, గడికో బొమ్మ. బొమ్మ మీద వేలు పెడితే ఆ మాట పలుకుతుంది. గ్లాసు బొమ్మ మీద పెడితే "నీళ్లు." దుప్పటి మీద పెడితే "చలి." గొంతు ఎవరో పడుచుపిల్లది, వార్తలు చదివేవాళ్లలా చాలా శుభ్రంగా ఉంది. ఆ గొంతుకి ఎప్పుడూ జలుబు చేసి ఉండదు.

"అమ్మా, మీకు ఇప్పుడు ఏం కావాలో చూపించండి" అంది టీచరమ్మ.

మా ఆవిడ ఎడమచేతి వేలు పైకెత్తింది.

"ఫ్యాన్ తగ్గించాలి. ఆవిడకి గాలి పడదు" అన్నాను.

"నేను ఆవిణ్ణి అడిగానండీ."

"ఆవిడ చెప్పబోయేది అదే కదమ్మా."

"అదే" అంది మా ఆవిడ.

"చూశావా!" అన్నాను.

టీచరమ్మ నన్ను చూసింది, ఆవిణ్ణి చూసింది. "ఆ మాట దానంతటదే వచ్చేస్తుందండీ. ఆవిడ ఏది చెప్పాలనుకున్నా నోట్లోంచి అదే వస్తుంది. అవునన్నట్టు కాదు. మీరు ఆగాలి. ఎంతసేపైనా సరే, ఆవిడ వేలు పెట్టేదాకా ఆగాలి."

సరేనన్నాను. ఫ్యాన్ మాత్రం తగ్గించారు.

నవంబరు 16

పలక అలమారులో పెట్టాను. ఆవిడకి ఇష్టం లేదు.

నవంబరు 18

ఒక ఏడాది రాసింది దొరికింది. 'మాట్లాడే పెట్టెలు ఇంట్లోకి వస్తాయని విదేశీ పత్రికలు ఊదరగొడుతున్నాయి. రావు. మన ఇళ్లల్లో మాట్లాడేవాళ్లకేం కొదవ?'

ఇంటూ వేశాను. కాసేపాగి కొట్టేసి టిక్కు వేశాను. అలమారులో ఉన్నది ఇంట్లో ఉన్నట్టు కాదు.

నవంబరు 20

యాంటెన్నా వచ్చాడు. మా ఆవిడ తమ్ముడు. పొడుగు మనిషి, కుర్రతనంలో నా కొట్లో చేరి ఇళ్ల మీదికెక్కి యాంటెన్నాలు తిప్పేవాడు, ఆ పేరే స్థిరపడిపోయింది. ఇప్పుడా కొట్టు అతనిదే. వంగి లోపలికొచ్చి, అక్క కాళ్ల దగ్గర కింద కూర్చుంటే గాని ఆవిడ మొహానికి సమానం కాడు.

"ఏం చేస్తున్నావు బావా? కాగితాలు పరిచావు?"

సంగతి చెప్పాను. పగలబడి నవ్వాడు.

"త్రీడీ టీవీ రాశావా?"

"ఇంకా అంతదాకా రాలేదు."

"అది పైన రాయాలి బావా, పెద్దక్షరాలతో! 'వచ్చే ఏడు ప్రతి హాల్లోనూ నల్లకళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్న కుటుంబం' అన్నావు. నీ మాట నమ్మి పెట్టెలకి పెట్టెలు కళ్లద్దాలు తెప్పించాను. ఇప్పటికీ ఉల్లిపాయలు తరిగేటప్పుడు మా ఇంట్లో అందరూ అవే పెట్టుకుంటారు."

"కుటుంబం అన్నాను. కళ్లద్దాలన్నాను. రెండూ కుదిరాయి కదా!"

మా ఆవిడ "అదే, అదే" అంది. పెదవి ఒక పక్కకి కదిలింది. యాంటెన్నా ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"ఏంటక్కా? బావ కొట్టు నాకు అప్పగించెయ్యడం మంచిదయిందంటావా?"

"కాదు, నీకు టీ ఇవ్వమంటోంది" అన్నాను.

అతను ఆవిణ్ణి చూస్తూనే అన్నాడు: "ఆసుపత్రిలో పలక ఇచ్చారట, ఏదీ?"

"ఆవిడకి నచ్చలేదు."

"అక్క చెప్పిందా?"

టీ పెట్టడానికి లేచాను.

నవంబరు 24

టీచరమ్మ నన్ను బయట కూర్చోమంది. మర్యాదగానే అంది. "మీరుంటే ఆవిడ మీ మొహం చూస్తున్నారండీ, పలక చూడటం లేదు."

వరండాలో బల్ల మీద కూర్చున్నాను. పక్కన ఒకాయన చేతికి కట్టుతో ఉన్నాడు. నిచ్చెన మీంచి పడ్డాట్ట. పెయింటరు. చెయ్యి విరిగినందుకు కాదట, పడ్డప్పుడు డబ్బా ఒలికి ఇంటి యజమాని కుక్క ఆకుపచ్చగా అయినందుకు పని పోయిందట. ఆ కుక్క ఇప్పుడెలా ఉందో అడుగుదామనుకుంటుండగా లోపల్నుంచి ఆసుపత్రివాళ్ల పలక గొంతు వినిపించింది.

"కిటికీ."

కాసేపు ఏమీ లేదు.

"తెరువు."

కిటికీ రెక్క చప్పుడు. టీచరమ్మ ఏదో అంది. పలక మళ్లీ ఏదో అంది, నాకు అందలేదు. ఆ వెంటనే ఒక నవ్వు.

పలకకి నవ్వు రాదు. అది మా ఆవిడ నవ్వు. సెప్టెంబరు నుంచి ఇంట్లో వినలేదు.

పెయింటరు కుక్క సంగతి చెబుతూనే ఉన్నాడు. తల ఊపాను.

నవంబరు 25

నవ్వింది.

నవంబరు 28

టీచరమ్మ ఇవాళ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. మా అమ్మాయి ఉండే ఊళ్లో ఒక కేంద్రం ఉందట. మాట పోయినవాళ్లకి అక్కడే ఉంచి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేర్పుతారు. మూడు నెలలు. ఇంటివాళ్లు లోపల ఉండకూడదు, ఆదివారాలు వచ్చి చూసి వెళ్లొచ్చు. డిసెంబరు ఆఖరికి ఒక్క మంచం ఖాళీ అవుతుందట.

"ఇప్పుడే వెళ్లాలండీ. మాట తిరిగొచ్చేది ఎక్కువగా మొదటి నెలల్లోనే. తర్వాత కష్టం. ఆవిడలో ఇంకా చాలా ఉంది. పదోతేదీలోగా చెప్పాలి, లేకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తారు."

"ఆవిడ వెళ్లదమ్మా. ఇల్లు విడిచి ఒక్క రాత్రి ఉండలేదు."

"అడిగి చెప్పండి."

అడగడానికేముంది? ఊరెళ్తే రెండో రోజుకే ఇంటి బెంగ పట్టుకునేది. లేదా అది నాకే పట్టుకునేదా? ఇద్దరం కలిసే వెళ్లేవాళ్లం గనక ఎవరి బెంగో విడదీసి చూడలేదు.

డిసెంబరు 1

అమ్మాయి ఫోన్ చేసింది. టీచరమ్మ దానికీ చెప్పిందట. అమ్మాయి రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. ఎవరేం చెప్పినా రిపోర్టు వచ్చేదాకా నమ్మదు.

"నాన్నా, అమ్మ ఏమంది?"

"వద్దంటోంది."

"ఎలా అంది?"

"ఎలా అంటావేమే? మీ అమ్మ నాకు తెలియదా?"

"తెలుసు నాన్నా. ఎలా అంది, అది చెప్పు. పలక మీద చూపించిందా?"

"నాకు పలక అక్కర్లేదు."

"నీకు అక్కర్లేదు, సరే" అంది. "కేంద్రం మా ఇంటికి దగ్గరే. రోజూ బయటి నుంచైనా ఒకసారి చూసి వస్తాను. ఒక్కసారి అడుగు నాన్నా. సరిగ్గా అడుగు."

డిసెంబరు 2

సరిగ్గా అడిగాను.

"ఏమోయ్, మూడు నెలలు నిన్ను తీసుకెళ్లి ఎవరెవరితోనో పడేస్తారట. నేను ఉండకూడదట. వేళకి మందులు ఎవరిస్తారో, నీకు ఏ దిండు కావాలో వాళ్లకేం తెలుసు? మనకెందుకీ గోలంతా? ఇక్కడే నెమ్మదిగా నేర్చుకుందాం. ఏమంటావు?"

ఆవిడ కళ్లు మూసుకుంది.

వద్దంది.

డిసెంబరు 6

వ్యాసం సగం అయింది. ఇవాళ ఫోన్ల కట్ట.

'ఫోనుకి కెమెరా ఎందుకు? దువ్వెనకి గరిట అతికించినట్టు' అని రాశాను. పెద్ద ఇంటూ. అందరికీ తెలిసిన ఇంటూయే గనక దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అయినా చెబుతాను. మరుసటి ఏడాది లెంపలేసుకుని, 'సరే, కెమెరా ఉంటుంది, జనం పెళ్లిళ్లకీ విహారయాత్రలకీ వాడతారు' అని సవరించాను. అదీ తప్పే. జనం కరెంటు మీటరు ఫొటో తీశారు. మందుచీటీ ఫొటో తీశారు. బండి ఎక్కడ నిలబెట్టారో మర్చిపోకుండా స్తంభం ఫొటో తీశారు. మా ఆవిడ అయితే ఇల్లు తాళం వేసే ముందు కట్టేసిన స్టవ్ ఫొటో తీసుకునేది. బస్సులో సగం దూరం వెళ్లాక అనుమానం వచ్చేది. ఫోన్ తీసి, స్టవ్ చూసుకుని, లోపల పెట్టుకునేది. ఆవిడ ఫోన్ నిండా కట్టేసిన స్టవ్‌లే. ఈ వాడకం ఏ కంపెనీవాడికి తెలుసు? నాకే తెలియలేదు, పక్క సీట్లో కూర్చున్నవాణ్ణి.

మొహం కనిపించే ఫోన్ గురించి: 'వస్తుంది, కానీ తల దువ్వుకోకుండా ఎవరూ ఎత్తరు, అందుకని చచ్చిపోతుంది.' వచ్చింది. ఎవరూ దువ్వుకోలేదు. ఫోనులో ఒకరికొకరు సీలింగు ఫ్యాన్లు చూపించుకుంటూ హాయిగా మాట్లాడుకుంటున్నారు.

పాలు అయిపోయాయని తనే చెప్పే ఫ్రిజ్ ఇంటింటికీ వస్తుందన్నాను. అప్పుడు మా ఆవిడ "తాగినవాళ్లకి తెలియదా ఏమిటి?" అంది. నాకు తెలియదు. గిన్నె ఖాళీగా పెట్టేసేవాడు నేనే.

మొత్తం చూస్తే వరస ఇలా ఉంది. వస్తువులు చాలామటుకు నేను చెప్పిన ఏడాదో, ఆ పక్క ఏడాదో వచ్చాయి. వాటిల్లో నాకు మంచి మార్కులే. మనుషులు వాటితో ఏం చేస్తారన్నదాంట్లో దాదాపు సున్నా. వస్తువు విప్పి చూశాను గనక తెలిసింది. ఇది వ్యాసానికి ముగింపు వాక్యంగా బావుంటుంది.

డిసెంబరు 9

టీచరమ్మకి ఫోన్ చేసి ఆవిడ రానంటోందని చెప్పేశాను. "మీరు అడిగారు కదా?" అంది. అడిగానన్నాను. "సరేనండీ" అంది. ఇంకేదో అంటుందనుకున్నాను. ఫోన్ పెట్టేసింది.

ఏమీ అనిపించలేదు. బట్టలు ఆరేశాను.

డిసెంబరు 11

యాంటెన్నా వచ్చాడు. మొహం ముడుచుకుని ఉన్నాడు. అమ్మాయి చెప్పి ఉంటుంది.

"బావా, ఒక పందెం."

"ఏంటి?"

"ఈ పూట నేను వెళ్లేదాకా నువ్వు మాట్లాడకుండా ఉండాలి. ఉండగలిగితే ఆ కళ్లద్దాల సంగతి జన్మలో ఎత్తను."

"అదెంత పని?"

"ఇదుగో, ఓడిపోయావు. మళ్లీ మొదటి నుంచి."

అలమారు తెరిచి పలక తీశాడు. ఛార్జింగు లేదు. పెట్టి, నిండేదాకా కూర్చున్నాడు. నేను కూర్చున్నాను. ఆవిడ టీవీ ఎదురుగా కూర్చుంది. మా ఇంట్లో టీవీ అంటే మామూలు టీవీ కాదు, కొట్టు అప్పగించినప్పుడు ఉన్నవాటిల్లో మంచిది ఏరి తెచ్చుకున్నాను. దానికి సరిగ్గా ఎదురుగా, కంటికి సమంగా, ఎంత దూరంలో కూర్చుంటే బొమ్మ బావుంటుందో లెక్కకట్టి కుర్చీ వేశాను. ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు నుంచీ ఆవిడ చోటు అదే.

పలక ఒళ్లో పెట్టాడు. "అక్కా, ఏం కావాలి?"

ఆవిడ నన్ను చూసింది. చెప్పడానికి నా నాలిక మీద నాలుగు సిద్ధంగా ఉన్నాయి: నీళ్లు, మందు, శాలువా, పక్క ఛానెల్. యాంటెన్నా నా మోకాలు నొక్కి పట్టుకున్నాడు. అంత పొడుగు చెయ్యి మరి, ఉన్నచోటు నుంచి లేవక్కర్లేదు.

వేలు గళ్ల మీద తిరిగింది. ఒక పేజీ, ఇంకో పేజీ. వెనక్కి. తప్పు గడి నొక్కింది, పలక "గొడుగు" అంది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. మళ్లీ మొదలుపెట్టింది. టీవీలో ఒక వంట కార్యక్రమం మొదలై అయిపోయింది.

"కుర్చీ" అంది పలక.

తర్వాత చాలాసేపటికి, "అటు."

ఎడమచెయ్యి ఎత్తి కిటికీ చూపించింది. వీధి వైపు.

యాంటెన్నా లేచి కుర్చీ తిప్పాడు. ఎదురింటి మెట్ల మీద ఎవరో సైకిల్ గొలుసు బిగిస్తున్నాడు. ఒకామె బొంత దులుపుతోంది. అంతకన్నా ఏమీ లేదు. ఆవిడ వాటినే చూస్తూ కూర్చుంది. భుజాలు కిందికి దిగాయి.

నా నాలుగింట్లో ఒక్కటీ కాదు.

"పందెం నువ్వే గెలిచావు బావా" అన్నాడు యాంటెన్నా, వెళ్తూ వెళ్తూ. నవ్వలేదు.

డిసెంబరు 12

మళ్లీ అడిగాను. పలక ఆవిడ ఒళ్లో పెట్టి, నేను ఎదురుగా కాకుండా పక్కన, నా మొహం కనిపించకుండా కూర్చున్నాను.

"ఆ ఊళ్లో కేంద్రం ఉంది. మూడు నెలలు. నేను ఉండను. వెళ్తావా?"

ఇంకొక్క మాట కలపలేదు. కలపకుండా ఉండటానికి చొక్కా గుండీలు లెక్కపెట్టాను. ఒకటి ఊడింది, ఎప్పుడూడిందో తెలియదు. ఆవిడ వేలు ఎత్తింది, దించింది. వీధిలో ఎవరో ఎవరినో పిలిచారు. టీ మీద మీగడ కట్టింది.

"మీరు" అంది పలక.

నా గురించే అన్నట్టు ముందుకి వంగాను. మీరు లేకుండా వెళ్లను అంటుంది. అది నాకు తెలుసు.

"మాట్లాడొద్దు" అంది పలక.

నేను ఏమీ మాట్లాడలేదు కదా! ఆ మాట అనబోయి మానుకున్నాను.

"నేను."

ఆగాను.

"వెళ్తాను."

"పొరపాటున తగిలిందేమో, పక్క గడి..." అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగింది. ఒకే చేత్తో పలక నా ఎదురుగా తిప్పి పట్టుకోవడం కష్టం. పట్టుకుంది. నేను చూస్తుండగా గడి మీద వేలు పెట్టింది, గట్టిగా, గోరు తెల్లబడేలా.

"వెళ్తాను. వెళ్తాను. వెళ్తాను."

ఆ గొంతులో కోపం ఉండదు. మూడుసార్లూ ఒకేలా, శుభ్రంగా అంది. కోపమంతా వేలులో ఉంది.

డిసెంబరు 13

టీచరమ్మకి ఫోన్ చేశాను. తేదీ దాటింది. నేను కాదన్న రోజే మంచం ఇంకెవరికో ఇవ్వడానికి మాట్లాడారట.

"కనుక్కుంటానండీ" అంది.

"నేనే తప్పు చెప్పాను. ఆవిడ వద్దనలేదు" అన్నాను.

"తెలుసండీ" అంది.

మా ఆవిడకి చెప్పాలి. ఎలా చెప్పాలో తోచక చెప్పలేదు. ఎంత మాటకారిననీ!

డిసెంబరు 14

చెప్పాను. అంతా విని పలక మొహం బోర్లా పెట్టేసింది.

డిసెంబరు 15

బోర్లానే ఉంది.

డిసెంబరు 17

మంచం దొరికింది. ముందు ఒప్పుకున్నవాళ్లు ఊరు దూరమని మానుకున్నారట. ఇరవై ఏడున తీసుకురమ్మన్నారు.

ఆవిడకి చెప్పాను. పలక తిప్పింది. "పెట్టె" అంది పలక. మంచం కింది పెట్టె తీసి తుడిచాను. ఏ చీరలు పెట్టాలో నేను చెప్పలేదు. బీరువా తలుపులు రెండూ తెరిచి పక్కకి నిలబడ్డాను. ఒక్కోటీ చూపిస్తూ పోతే మధ్యాహ్నం అయింది. నేను బావుందనుకునేవి ఒకటీ పెట్టించలేదు.

డిసెంబరు 20

వ్యాసం పంపాను. సంపాదకుడు చదివి ఫోన్ చేశాడు.

"బ్రహ్మాండంగా ఉందండీ! కళ్లద్దాలూ ఉల్లిపాయలూ, అక్కడ పడిపడి నవ్వాను. అడుగున ఒక చిన్న గడి పెడదాం. వచ్చే ఏడుకి ఒకే ఒక్క జోస్యం. ఒక్కటి చాలు."

"లేదు."

"ఏదో ఒకటండీ, సరదాకి. కుదరకపోతే మళ్లీ నవ్వుకుంటాం."

"గడి ఖాళీగా ఉంచు బాబూ."

"ఖాళీ గడి చూస్తే ప్రెస్సువాళ్లు మర్చిపోయారనుకుంటారండీ."

"అనుకోనీ."

చివరికి ఆ గడిలో ఒక వోల్టేజి స్టెబిలైజర్ల ప్రకటన వేస్తానన్నాడు. వ్యాసంలో ముగింపు వాక్యం కొట్టేశాను. వస్తువు విప్పి చూశాను గనక తెలిసింది అన్నది. రెండు మరలు మిగిల్చినవాడు అనాల్సిన మాట కాదు.

డిసెంబరు 27

తీసుకెళ్లాం. యాంటెన్నా కారు నడిపాడు. అతని తల కారు పైకప్పుకి తగులుతూనే ఉంది. మా ఆవిడ కిటికీ పక్కన. దారిలో నేను ఏమీ చెప్పలేదు. గుర్తులు చూపించబుద్ధేసింది, వంతెన, పాత కొట్టు, మేం ఒకసారి టైరు పంక్చరై నిలబడ్డ చోటు. చూపించలేదు. టైరు పంక్చరైన చోటు దగ్గర ఆవిడే వేలెత్తి చూపించింది.

అమ్మాయి గేటు దగ్గర నిలబడి ఉంది. "వచ్చావా అమ్మా" అని అంతే అంది.

లోపల ఒక నర్సు, నడివయసు మనిషి, కళ్లజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. కాగితం మీద అన్నీ రాసుకుంది. ఊరు, వయసు, మందులు, ఇవి నన్నడిగింది, చెప్పాను. ఆపైన కుర్చీ ముందుకి జరుపుకుని మా ఆవిడ వైపు తిరిగింది.

"మిమ్మల్ని ఏమని పిలవమంటారు?"

నేను నోరు తెరిచాను. నర్సు నా వైపు చూడకుండానే చెయ్యి అడ్డం పెట్టింది. బస్సు ఆపినట్టు.

మా ఆవిడ పలక చూసింది. పేర్లకి బొమ్మలుండవు. అక్షరాల పేజీ ఉందని నాకు తెలియదు. ఆవిడకి తెలుసు. ఒక్కో అక్షరం వెతుక్కుంది. తప్పు పడితే చెరిపింది. వెనక ఇంకెవరో కుటుంబం వేచి ఉంది. ఎవరూ తొందరపెట్టలేదు. యాంటెన్నా గోడకి ఆనుకుని పైకప్పు చూస్తున్నాడు.

పలక చదివింది.

అది పుట్టింట్లో చిన్నప్పుడు పిలిచిన పేరు. పెళ్లిలో వాళ్లమ్మ నోట ఒకసారి విన్నాను. మా ఇంటికొచ్చాక ఎవరూ పిలవలేదు. నేను 'ఏమోయ్' అనేవాణ్ణి. యాంటెన్నా మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఆ పేరు ఇక్కడ రాయను. నేను వాడింది కాదు.

నర్సు కాగితం మీద రాసుకుని, ఆ పేరుతో పిలిచింది. మా ఆవిడ తల తిప్పింది. చాలా త్వరగా తిప్పింది, దగ్గర్లోనే ఉండి ఎదురుచూస్తున్నట్టు.

డిసెంబరు 28

ఇల్లు. బియ్యం కొలత ఎక్కువైంది.

డిసెంబరు 30

కుర్చీ ఇంకా కిటికీ వైపే ఉంది. టీవీ పెట్టలేదు.

జనవరి 1

సంచిక వచ్చింది. స్టెబిలైజర్లు బాగా పడ్డాయి.

జనవరి 4

ఆదివారం బస్సులు నిండిపోయి వెళ్లడం కుదరలేదు. ఫోన్ చేశాను. మొహం కనిపించే ఫోనే. తల దువ్వుకున్నాను.

నర్సు ఎత్తింది. ఎవరు కావాలంటే ఒక్క క్షణం తడబడి ఆ పేరు చెప్పాను. నా నోట్లో అది ఎవరిదో అప్పు తెచ్చిన చొక్కాలా ఉంది. "ఉండండి, ఇస్తాను" అంది.

ముందు పైకప్పు కనిపించింది, ఫ్యాన్, ఎవరిదో భుజం. తర్వాత మా ఆవిడ. జడ ఎవరో కొత్త రకంగా వేశారు. వెనకాల బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు, ముందు కార్డులు పరిచి ఉన్నాయి. ఎవరో ఏదో అన్నారు, అందరూ నవ్వారు.

నేను ఏమీ మాట్లాడలేదు. తిన్నావా అని కూడా అడగలేదు. ఏం అంటుందో ఊహించడం మొదలైంది, మానడానికి స్టవ్ వైపు చూశాను. ఆగాను. వేలు గళ్ల మీద తిరగడం కనిపిస్తోంది. పేజీ తిప్పింది. పెదవులు కూడా కదులుతున్నాయి. పలక పలికే ముందే నోట్లోంచి ఏదో వచ్చింది. చిన్నగా, ముక్కలుగా. 'అదే' కాదు.

"ప... పని."

వెంటనే పలక దాన్ని శుభ్రంగా పూర్తిచేసింది: "పని ఉంది. తర్వాత."

ఫోన్ పెట్టేసింది.

"సరే" అన్నాను. పెట్టేశాక అన్నాను.